ఇంగ్లిషు ‘రన్’ అర్థాలు పట్టుకోవడం ఎలా

పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు ‘రన్’ అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు లెక్కగట్టారు. అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వాక్యం కనబడగానే మూడు సంగతులు వరసగా చూసుకుంటే చాలు: ఏది రన్ అవుతోంది, దాని పక్కన ఏ చిన్నమాట (‘అవుట్’, ‘ఇంటూ’, ‘ఓవర్’ లాంటిది) ఉంది, క్రియ ఏ రూపంలో ఉంది.

ముందు కర్త. మనిషైతే పరుగు. నీళ్లయితే పారడం, బస్సయితే తిరగడం, మోటారైతే ఆడడం, ముక్కయితే కారడం. రొయ్యల చెరువులో ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ‘ఆర్ రన్నింగ్’ అంటే తిరుగుతున్నాయని. చీర ఉతికినప్పుడు అంచు ఎరుపు తెల్లటి నేతలోకి దిగితే ‘ది కలర్ ర్యాన్’. ఎండకు వెలిసిపోతే మాత్రం అది ‘ఫేడ్’. కర్త మనిషే అయినా వెనక కర్మ ఉంటే చాలావరకు అది పరుగు కాదు: ‘షి రన్స్ ఎ హోటల్’ అంటే ఆవిడ హోటలు నడుపుతోంది. తెలుగులోంచి ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడూ జాగ్రత్త కావాలి. మోటారు ఆడుతోందని చెప్పాలంటే ‘ప్లేయింగ్’ కాదు, ‘రన్నింగ్’. ధాన్యం మర ఆడించడానికి ‘రన్’ పనికిరాదు, దానికి ‘మిల్’ అనే క్రియే ఉంది.

కాలువ దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘ది ఏలూరు కెనాల్ రన్స్ ఫ్రమ్ విజ్జేశ్వరం టు ఏలూరు’ అన్నామనుకోండి. ఇందులో నీటి ప్రస్తావన లేదు. కాలువ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా సాగిందో చెబుతోందంతే. వేసవిలో కాలువలు కట్టేసి అడుగు మట్టి నెర్రెలిచ్చినా ఈ వాక్యం తప్పు కాదు. ‘ది కెనాల్ ఈజ్ రన్నింగ్’ అంటే మాత్రం నీళ్లు వదిలారు, ఇప్పుడు పారుతోంది. ‘ది కెనాల్ హాజ్ రన్ డ్రై’ అంటే ఎండిపోయింది. ఉనికి చెప్పేటప్పుడు ‘రన్స్’, జరుగుతున్న పని చెప్పేటప్పుడు ‘ఈజ్ రన్నింగ్’. కొత్తగా నేర్చుకునేవాళ్లు రోడ్డుకీ గట్టుకీ కూడా ‘ఈజ్ రన్నింగ్’ తగిలిస్తారు. గట్టు పక్కనే సాగుతోందంటే ‘రన్స్ అలాంగ్’ అనే రాయాలి.

రెండోది చిన్నమాట. ‘అవుట్ ఆఫ్’ ముందు నేర్చుకోండి, రోజూ అక్కరకొస్తుంది. మన వంటింట్లో బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. అదే ‘రన్ అవుట్’. బియ్యం కర్త అయితే ‘ది రైస్ హాజ్ రన్ అవుట్’. మనం కర్త అయితే ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’. ‘మాకు’ అన్న మాటను పట్టుకుని ‘టు అస్’ అని మొదలెడితే వాక్యం చెడుతుంది. క్రికెట్ సంగతి వేరు: ‘హి వాజ్ రన్ అవుట్’ అంటే రనౌటయ్యాడు. ‘హి ర్యాన్ అవుట్’ అంటే బయటికి పరుగెత్తాడు. ‘హి ర్యాన్ అవుట్ ఆఫ్ మనీ’ అంటే చేతిలో డబ్బులైపోయాయి.

‘రన్ ఇంటూ’ పక్కన స్నేహితుడుంటే తారసపడడం, కొబ్బరిచెట్టుంటే గుద్దుకోవడం, ‘డెట్’ ఉంటే అప్పులపాలవడం, ‘లాక్స్’ ఉంటే ఖర్చు లక్షల్లోకి పోవడం. ‘రన్ ఓవర్’ తర్వాత కుక్క వస్తే బండి కింద పడింది; నోట్సు వస్తే ఓసారి పైపైన చూసుకోవడం. ‘రన్ అప్ ఎ బిల్’ కొట్టులో పద్దు పెంచుకుంటూ పోవడం. ‘రన్ ఆన్ డీజిల్’ అంటే డీజిలుతో నడవడం.

మూడోది రూపం. రన్, ర్యాన్, రన్. ‘హాజ్’, ‘హావ్’, ‘హాడ్’ తర్వాత ఎప్పుడూ ‘రన్’ వస్తుంది, ‘హాజ్ ర్యాన్’ తప్పు. నిన్న జరిగిందని చెబితే ‘ర్యాన్’.

ఇక జాతీయాలు. వీటిని విడగొట్టకుండా ముద్దగా నేర్చుకోవాలి. ‘ఇన్ ద లాంగ్ రన్’ పోనుపోను. ‘రన్ ద షో’ పెత్తనమంతా తనదే కావడం. ‘గివ్ హిమ్ ఎ రన్ ఫర్ హిజ్ మనీ’ గట్టిపోటీ ఇవ్వడం; డబ్బు మాట ఉన్నా డబ్బుతో పని లేదు. ‘రన్ ఆఫ్ ద మిల్’ సాదాసీదా. నాణ్యత ఏరకుండా మిల్లులోంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న సరుకుకు అలా అనేవారు, అక్కణ్ణుంచి వచ్చింది. ఎన్నికల్లో పోటీకి ‘రన్ ఫర్’ అమెరికా వాడుక; బ్రిటన్‌లో ‘స్టాండ్ ఫర్’, మన ఇంగ్లిషు పేపర్లలో ఎక్కువగా ‘కంటెస్ట్’. పరీక్షలో ఏది రాసినా సరే, ఒకే వ్యాసంలో మూడూ కలపకండి.

సాధనకు నోటుపుస్తకంలో పేజీకి మూడు గళ్లు గీయండి: కర్త, చిన్నమాట, తెలుగు క్రియ. రోజుకు మూడు వాక్యాలు మించొద్దు, అవీ మీ ఇంట్లోనో వీధిలోనో జరిగినవై ఉండాలి. తెలుగు గడిలో ‘నడుచు’ అని వరసగా పడుతోందంటే మీరు అర్థం చూడకుండా రాస్తున్నట్టు లెక్క. అలాంటి వరస కనబడితే కర్త గడికి వెళ్లి, ఆ వస్తువు గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట వాడతారో అదే అక్కడ రాసుకోండి.