ఎలుక కరిచిందా? కాటు దగ్గర మొదలుపెట్టి కన్నం దాకా

ఎలుక మనిషిని కరవాలని రాదు. తిండి వాసన పట్టుకుని వస్తుంది. కదలకుండా పడి ఉన్న వేలికి ఆ వాసన అంటి ఉంటే కొరికి చూస్తుంది. అందుకే నిద్రలో కాట్లు ఎక్కువగా కాలి వేళ్లు, చేతి వేళ్లు, చెవి తమ్మె, పసిపిల్లలకైతే పెదవి, బుగ్గ మీదే పడతాయి. మనిషి దాకా వచ్చిందంటే ఆ ఇంట్లో ఎలుకలు కొన్నాళ్లుగా నిర్భయంగా తిరుగుతున్నాయనే లెక్క. గాయం సంగతి ఈ పూటే చూడాలి, కన్నాల సంగతి ఈ వారంలో తేలాలి.

సమస్య: నిద్రలో కరిచింది, లేదా పక్క మీద రక్తపు చుక్కలున్నాయి

పక్కపక్కనే రెండు సన్నని గాట్లు, లేదా వేలి చివర చిన్న చీలిక కనిపిస్తుంది. చూడ్డానికి చిన్నదే. కానీ పళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి కాబట్టి మురికి లోపలికి దిగిపోతుంది.

కుళాయి కింద పెట్టి, సబ్బు రుద్దుతూ 15 నిమిషాలు కడగండి. రెండు చెంబుల నీళ్లు పోసి వదిలేస్తే చాలదు. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయండి. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం వద్దు. గాయాన్ని మూసేసి చీము పట్టిస్తాయి. బిగించి కట్టు కట్టొద్దు. అదే రోజు డాక్టరుకు చూపించి, కరిచింది ఎలుక అని విడిగా చెప్పండి. ధనుర్వాతం టీకా వేసుకుని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోయినా ఇంజెక్షన్ అవసరం పడొచ్చు.

రేబిస్ గురించే అందరూ అడుగుతారు. ఇంటి ఎలుక కాటుకు ఆ టీకా అవసరం పడటం అరుదు. కానీ కరిచింది ఎలుకేనా, ముంగిసా, గబ్బిలమా అన్నది తేలకపోతే మాట మారుతుంది. ఆ నిర్ణయం డాక్టరుకే వదలండి.

గాయం మానిందని మర్చిపోవద్దు. మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు చలితో జ్వరం, కీళ్ల నొప్పులు, అరచేతులు, అరికాళ్ల మీద ఎర్రటి దద్దుర్లు వస్తే అది ఎలుక కాటు జ్వరం కావచ్చు. పెన్సిలిన్ రకం మందులకు తగ్గుతుంది, కాకపోతే కాటు సంగతి చెబితేనే డాక్టరుకు ఆ ఆలోచన వస్తుంది. మామూలు జ్వరమని మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకురావడమే ఇక్కడ జరిగే పొరపాటు.

సమస్య: కాలి వేలు కొరికినా తెలియలేదు

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ పోతుంది. ఎలుక కొరుకుతున్నా మెలకువ రాదు, పొద్దున చెప్పులో రక్తం చూసుకునేదాకా తెలియదు. మద్యం తాగి పడుకున్నవాళ్లదీ, నిద్రమాత్రలు వాడేవాళ్లదీ అదే పరిస్థితి.

ఇలాంటివాళ్లు నేల మీద పడుకోవద్దు. మంచాన్ని గోడకు అడుగు దూరం జరపండి, దుప్పటి అంచు నేలకు వేలాడకూడదు. దోమతెర కట్టి, అంచు నాలుగువైపులా పరుపు కిందకు దోపండి. ఊరికే వేలాడే తెర ఎలుకకు నిచ్చెనే. పడుకునే ముందు చేతులు, కాళ్లు సబ్బుతో కడిగి తుడవండి. పసిపిల్లల మూతి మీది పాలు తుడిచి, పాలసీసా ఉయ్యాల్లోంచి తీసేయండి. షుగర్ ఉన్నవాళ్ల పాదాలను పొద్దున ఇంకొకరు వేళ్ల సందులతో సహా చూడాలి. షుగర్ పాదానికి చిన్న గాటైనా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

సమస్య: ఎటు నుంచి వస్తోందో అంతుపట్టడం లేదు

ముందు పెంటికలు చూడండి. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. దాదాపు అర అంగుళం ఉండి కొసలు సన్నగా ఉంటే అటకల మీద తిరిగే ఇంటి ఎలుక. ఇది పైనుంచి వస్తుంది. అంతకంటే లావుగా ఉండి, పెరట్లో బొరియ ముందు తవ్విన మట్టి పోగు కనిపిస్తే పందికొక్కు. అది కిందనుంచి, డ్రైనేజీ వైపు నుంచి వస్తుంది. మూతి కోసుగా, కీచుమంటూ గోడ వెంట పరిగెత్తేది చుంచు. దానికి బొద్దింకలే ముఖ్యం, అది ఎలుక జాతి కూడా కాదు.

రాత్రి అనుమానం ఉన్న చోట నేల మీద పల్చగా బియ్యప్పిండి జల్లండి. పొద్దున అడుగులు ఎటు పోయాయో కనిపిస్తుంది. గోడ మూలల్లో నల్లటి జిడ్డు చార ఉంటే అది రోజూ నడిచే దారి.

చిటికెన వేలు పట్టే సందు చిట్టెలుకకు చాలు. బొటనవేలు దూరితే పెద్ద ఎలుకా దూరుతుంది.

చాలామంది చూడని చోటు వంటింటి సింకు కింద ఉంది. సింకు నుంచి దిగే ముడతల గొట్టం నేలలోని పెద్ద పైపు నోట్లోకి వదులుగా దూర్చి ఉంటుంది. గొట్టం ఒకటిన్నర అంగుళం, పైపు మూడంగుళాలు. ఆ చుట్టూ ఉన్న ఖాళీయే రహదారి. కొందరు గుడ్డ కుక్కుతారు. ఎలుక దాన్ని పీకి గూడు కట్టుకుంటుంది. ఆ సైజుకు తగ్గ రబ్బరు మూత శానిటరీ షాపులో దొరుకుతుంది, దాన్ని బిగించండి. దొరక్కపోతే గొట్టం చుట్టూ స్టీల్ పీచు గట్టిగా కూరి, పైన సిమెంటుతో పూత వేయండి. గిన్నెలు తోమే పీచే, కాకపోతే తుప్పు పట్టని రకం తీసుకోండి.

తర్వాత ఏసీ పైపు వెళ్లే కన్నం, ఎగ్జాస్ట్ ఫ్యాను, స్నానాల గది నేల మీది జాలీ, తలుపు కింది సందు చూడండి. గోడ కన్నాలకు ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి, అందులో గాజు పెంకులు వేసి పూడ్చండి. ఫోమ్ స్ప్రే ఒక్కటే కొడితే ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. ఫ్యాను, కిటికీలకు పావు అంగుళం కంటే సన్న కన్నాలున్న ఇనుప జాలీ కొట్టించండి, ప్లాస్టిక్ దోమల జాలీ నిలవదు. చెక్క తలుపు కింద అల్యూమినియం రేకు కొట్టించండి. పెంకుటిల్లయితే చూరు కింది సందులే ముఖ్యం. మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు కప్పుకు కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండేలా కొట్టించండి.

సమస్య: బోను పెట్టినా పడటం లేదు

పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం. తెచ్చిన రాత్రే పడలేదని బోను తీసి అటక మీద పెట్టేస్తారు. అలా కాకుండా, తలుపు మూసుకోకుండా తాడుతో కట్టి, రెండు మూడు రాత్రులు ఊరికే తిననివ్వండి. తర్వాత తాడు తీయండి. ఉల్లి పకోడీ, కాల్చిన ఎండు కొబ్బరి, ఎండు చేప ముక్క బాగా పనిచేస్తాయి. ఎర తీగకు గట్టిగా గుచ్చి ఉండాలి, లేకపోతే లాక్కుని పోతుంది. బోనును గదిలో నడిమధ్య కాక గోడవారగా పెట్టండి. ఒక్కటి కాదు, మూడు నాలుగు ఒకేసారి. ఎలుక పడిన బోనును వేడినీళ్లతో కడిగి మళ్లీ పెట్టండి. రాత్రి గిన్నెలు తోమకుండా వదిలేసి, పకోడీ కోసం అది బోనులోకి రావాలనుకోవడం అత్యాశ. పట్టినదాన్ని పక్క వీధిలో వదిలితే మళ్లీ వస్తుంది.

సమస్య: మందు పెట్టాం, ఇప్పుడు ఇల్లంతా కంపు

బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక నాలుగైదు రోజులకు గాని చావదు, చచ్చేది అందని చోట. ఇంటి లోపల బోనే నయం. మందు పెరట్లో, పిల్లలకూ కుక్కలకూ అందని మూత పెట్టెలో మాత్రమే. పొరపాటున ఎవరైనా మింగితే ప్యాకెట్టుతో సహా ఆస్పత్రికి పరిగెత్తండి. బ్రోమాడియోలోన్‌కు విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్‌కు, పసుపు భాస్వరం పేస్టుకు, ఈ రెండు ఎలుక మందులకూ విరుగుడే లేదు. ఆ రెండూ ఇంట్లోకి తేవద్దు. ధాన్యం నిల్వలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు ఇంటి బొరియల్లో అసలే వేయకూడదు. ఆ గ్యాస్ గోడ పగుళ్ల గుండా పడకగదిలోకి చేరి మనుషుల్ని చంపుతుంది.

సమస్య: అటక నిండా పెంటికలు, మూత్రం

పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. కిటికీలు తెరిచి అరగంట ఆగండి. మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి తడపండి. పది నిమిషాలయ్యాక కాగితంతో ఎత్తేయండి. కాళ్ల మీద పుండ్లుంటే వాన నీళ్లు నిలిచిన పెరట్లోకి దిగొద్దు. లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి, కాటు లేకుండానే వస్తుంది. జ్వరంతో పిక్కలు విపరీతంగా నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయొద్దు.

సమస్య: అన్నీ మూశాం, అయినా రాత్రి చప్పుడు

లోపల ఒకటి చిక్కుకుని ఉండొచ్చు. బోన్లు ఇంకో వారం ఉంచండి. సిమెంటు వేయని చిన్న సందుల్లో కాగితం ఉండలు కూరి పెట్టండి. మూడు రాత్రులు కదలకుండా ఉన్న ఉండను తీసి అక్కడ పూడ్చేయండి. కదిలిన దగ్గర బోను పెట్టండి.