ఫాల్స్ ఫ్లోరింగ్ స్వయంబోధిని – మూడవ పాఠం: తొలి గీత, తొలి పెడస్టల్

శ్లాబు మీద పెడస్టళ్లు అనే, ఎత్తు సవరించగల చిన్న స్తంభాలు నిలిపి, వాటి మీద ప్యానెళ్లు అనే చదరపు పలకలు పరిచి వేసే నేలే ఫాల్స్ ఫ్లోరింగ్. గత రెండు పాఠాలలో గదిని పరిశీలించడం, ప్యానెల్ రకాన్ని ఎంచుకోవడం నేర్చుకున్నాము. ప్యానెల్ బలాన్ని చదరపు మీటరు లెక్కన మాత్రమే చూస్తే చాలదనీ, 25 మి.మీ. చదరపు ముక్క మీద ఎంత బరువు ఆగుతుందన్నది చూడాలనీ చెప్పుకున్న సంగతి మరిచిపోకండి. యూపీఎస్ బ్యాటరీల ర్యాకు తన బరువునంతా నాలుగు చిన్న కాళ్ల మీదే మోపుతుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 12825లో క్లాస్ 2 ప్యానెల్ కనీసం 6 కిలోన్యూటన్ల దాకా విరగకుండా నిలవాలి. భద్రత కోసం దానిని 2తో భాగిస్తే వాడుకకు మిగిలేది 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు. కొటేషన్‌లో పెద్ద అంకె కనిపిస్తే, అది విరిగే బరువా, వాడదగిన బరువా అని అడిగి తెలుసుకోవాలి.

ఈ పాఠానికి విజయవాడ బందరు రోడ్డు మీద ఒక భవనంలో రెండవ అంతస్తు హాలును ఊహించుకుందాము. పొడవు 14.30 మీటర్లు, వెడల్పు 9.10 మీటర్లు. ప్యానెల్ 600 మి.మీ. చదరం, మందం 35 మి.మీ. శ్లాబు నుంచి నడిచే తలం దాకా 150 మి.మీ. ఎత్తు కావాలి.

కొత్తవారు సాధారణంగా ఒక గోడకు ఆనించి వరస మొదలుపెట్టేస్తారు. మన హాలులో అలా చేస్తే వెడల్పున 15 నిండు ప్యానెళ్లు పట్టి, అవతలి గోడ దగ్గర 100 మి.మీ. పట్టీ మిగులుతుంది. ఒక ప్యానెల్‌ను కోస్తే ఐదు పట్టీలు వస్తాయి కనుక సుమారు ఇరవై ప్యానెళ్లు ఆదా అవుతాయని మేస్త్రి సంతోషిస్తాడు. అయితే అంత సన్నటి ముక్కకు ఫ్యాక్టరీలో మడిచిన అంచు ఉండదు, ఆనడానికి చోటూ సరిపోదు. ఊడ్చేవారి కాలు పడిన ప్రతిసారీ అది పైకి లేస్తుంది. ఈ ఆదాకు నేను ఒప్పుకోను. వెడల్పున 14 నిండు ప్యానెళ్లే వేసి, రెండు గోడల దగ్గరా 350 మి.మీ. చొప్పున కోత ముక్కలు వచ్చేలా వరసలు మొదలయ్యే గీతను జరపాలి. పొడవున ఇంత తర్జనభర్జన అక్కరలేదు: ప్రధాన ద్వారం వైపు నుంచి 23 నిండు ప్యానెళ్లు, చివర 500 మి.మీ. ముక్క. రాకపోకలు ఎక్కువగా ఉండే గుమ్మం దగ్గర కోత ముక్క రాకూడదు. ఈ అమరికకు 16 వరసలలో 24 చొప్పున 384 ప్యానెళ్లు, 17 వరసలలో 25 చొప్పున 425 పెడస్టళ్లు కావాలి.

గోడలు నిటారుగా ఉన్నాయేమో కానీ, ఒకదానికొకటి లంబంగా ఉన్నాయని మాత్రం నమ్మవద్దు. సుద్దపొడి పట్టించిన దారాన్ని లాగి కొట్టి పొడవున ఒక గీత, దానికి అడ్డంగా ఒక గీత వేయండి. ఇంత హాలుకు తాపీమేస్త్రి వాడే మూలమట్టం చాలదు. రెండు గీతలూ కలిసే బిందువు నుంచి ఒకదాని మీద 6 మీటర్లు, రెండవదాని మీద 8 మీటర్లు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా 10 మీటర్లు వస్తేనే మూల లంబంగా ఉన్నట్టు.

ఇక అసలు విషయమైన మట్టానికి వద్దాము. లేజర్ లెవెల్‌ను హాలు మధ్యలో నిలబెట్టి, ప్రతి 1.2 మీటర్లకు ఒక చోట శ్లాబు మట్టం కొలిచి, ఆ అంకెను అక్కడే శ్లాబు మీద సుద్దతో రాయండి. అన్నింటికంటే ఎత్తైన చోటును సున్నాగా తీసుకుంటే, మన హాలులో వాయవ్య మూల 32 మి.మీ. పల్లంగా ఉందనుకోండి. 150లో ప్యానెల్ మందం 35 తీసివేస్తే, ఎత్తైన చోట పెడస్టల్ 115 మి.మీ. ఉండాలి, పల్లంలో 147 ఉండాలి. 115 అని రాసి ఆర్డరు పంపితే, మర తిప్పి 25 మి.మీ. దాకా ఎత్తు పెంచగల, తగ్గించగల రకమైనా 140 దగ్గర ఆగిపోతుంది, అంటే పల్లంలో 7 మి.మీ. తక్కువ పడుతుంది. అదే 130 మి.మీ. రకం తెప్పిస్తే 105 నుంచి 155 దాకా అందుతుంది కనుక హాలు మొత్తానికీ అదొక్కటే సరిపోతుంది.

ఈ లెక్క నేను నేర్చుకున్నది తప్పు చేసిన తరువాతే. గుంటూరు లక్ష్మీపురంలో ఒక కార్యాలయానికి శ్లాబు కొలవకుండా పెడస్టళ్లు తెప్పించాను. అందని చోట మా కుర్రవాళ్లు కింద టైలు ముక్కలు పెట్టి పైన ప్యానెల్ మూసేశారు, నేను పైకెత్తి చూడలేదు. కొన్ని నెలలకు ముక్కలు జారి, ఎవరు నడిచినా టకటక చప్పుడు. ఆ మూలనంతా విప్పి మళ్లీ వేయవలసి వచ్చింది, మా ఖర్చు మీదే.

పెడస్టళ్లను గది నిండా ఒకేసారి నిలపకూడదు. ముందు రెండు గీతల వెంట ఎల్ ఆకారంలో నిలిపి, లేజర్ గీతకు తలలు తాకేలా మర తిప్పి, లాక్‌నట్ బిగించి, ఆ తరువాత లోపలికి విస్తరించాలి. శ్లాబు మీద సిమెంటు దుమ్ము ఉంటే గమ్ దుమ్మునే పట్టుకుంటుంది తప్ప శ్లాబును పట్టుకోదు. ఊడ్చి, వాక్యూమ్ పట్టించి, సీలర్ (దుమ్ము లేవకుండా ఆపే పూత) పూసి, అది ఆరిన తరువాతే పని మొదలుపెట్టాలి. మే నెలలో ఏసీ నడవని భవనంలో, అద్దాల గుండా ఎండ పడే వైపు గమ్ మామూలుకన్నా ముందే గట్టిపడుతుంది. పది పెడస్టళ్లకు సరిపడినంతే కలుపుకోండి. ఆ వైపు పనిని ఉదయమే ముగించండి. పెడస్టల్‌ను నొక్కినప్పుడు అడుగు పలక రంధ్రాల గుండా గమ్ పైకి ఉబికితే అది సరిగా పరుచుకున్నట్టు. డబ్బా మీద రాసిన ఆరే సమయం పూర్తయ్యేదాకా ఆ వైపు ఎవరినీ నడవనివ్వకండి.

పెడస్టళ్ల తలలను ఒకదానితో ఒకటి కలిపే అడ్డకడ్డీలైన స్ట్రింగర్లు బిగించడం, ఎర్త్ వైరు కలపడం ప్యానెళ్ల పాఠంలో వస్తాయి. ఈలోగా ఒక అభ్యాసం. హాలు 11.50 మీటర్ల పొడవు, 7.40 మీటర్ల వెడల్పు. శ్లాబులో గరిష్ఠ తేడా 24 మి.మీ.; కావలసిన ఎత్తు 200 మి.మీ.; ప్యానెల్ మందం 35 మి.మీ.; పెడస్టల్ మర 25 మి.మీ. అటూ ఇటూ తిరుగుతుంది, గుమ్మం 7.40 మీటర్ల గోడకు ఉంది. రెండు దిశలలోనూ కోత ముక్కలు ఎంతెంత రావాలో, ఎంత ఎత్తు పెడస్టల్ తెప్పించాలో కాగితం మీద గీసి చూడండి. ఇక్కడ రెండు దిశలలోనూ చిక్కు ఉంది, తొందరపడవద్దు. జవాబు నాలుగవ పాఠం మొదట్లో ఉంటుంది.