చెన్నైలో ఆనర్స్ మొదటి ఏడాది చేరినవారికి

మన ఊళ్ల నుంచి వచ్చి చెన్నైలో ఆనర్స్‌లో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఇంటర్‌లో లాగా ఇక్కడ ఎవరూ నోట్సు చెప్పి రాయించరు. గంటసేపు పాఠం చెప్పి, నాలుగు పుస్తకాల పేర్లు బోర్డు మీద రాసి వెళ్లిపోతారు. అందుకే ఆ సాయంత్రమే నోటుపుస్తకం మూసేసి, విన్న పాఠాన్ని తెల్లకాగితం మీద మీకు వచ్చిన తెలుగులోనే రాయండి. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్ర సిరాతో గీత పెట్టండి. మర్నాడు ఆ కాగితం పట్టుకునే అధ్యాపకుల గదికి వెళ్లండి. "అర్థం కాలేదు సార్" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకూ తెలియదు. "ఈ గీత దగ్గర ఆగిపోయాను సార్" అంటే కుర్చీ చూపించి కూర్చోబెడతారు. మొదటి సెమిస్టరులో నాకు ఇంగ్లీషు పాఠాలంటే ఉన్న భయం ఇలాగే పోయింది.

పుస్తకాలకు ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చేరే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి; తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదువు సాగకపోతే కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవారికి అక్కడ విడిగా చోటుంది.