చెట్ల పనిలో హెల్మెట్ హెడ్‌సెట్లు: ఎంపిక, బిగింపు, మాటల పద్ధతి

చైన్‌సా పట్టుకున్న మనిషి చెవి దగ్గర మోత 100 నుంచి 115 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పని చోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతాయి. అంత మోతలో చెవులు మూసుకోక తప్పదు. మూసుకుంటే పైనుంచి వచ్చే కేక వినబడదు. హెడ్‌సెట్ ఈ రెండు అవసరాలూ తీరుస్తుంది. అయితే అది ముందు చెవిని కాపాడాలి, ఆ తర్వాతే మాట వినిపించాలి. కొనేటప్పుడూ బిగించేటప్పుడూ ఈ వరస తప్పకూడదు.

ఏ రకం తీసుకోవాలి

దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లో ఒక సెట్ పక్క సెట్‌తో, అది ఇంకోదానితో గొలుసుగా కలుస్తుంది. ఇద్దరే పనిచేసే చోట ఇది చాలు. నలుగురున్న చోట మధ్యలో ఒకరు లారీ వెనక్కి వెళ్తే గొలుసు తెగి, ఇటు ఇద్దరు, అటు ఒకరు మిగులుతారు. మెష్ రకంలో ప్రతి సెట్టూ అందుబాటులో ఉన్న మిగతా అన్నిటితో మాట్లాడుతుంది. ఒకటి దూరమైతే మాట వేరే దారిలో వెళ్తుంది, దగ్గరికి రాగానే అది మళ్లీ తనంతట తానే కలుస్తుంది. ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే మెష్ తీసుకోండి. ధర ఎక్కువైనా దీని విషయంలో రాజీపడొద్దని మా సలహా.

డెక్ట్ (ఇళ్లలోని కార్డ్‌లెస్ ఫోన్ల పద్ధతి) రకం 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, గొంతు స్పష్టంగా వస్తుంది. కానీ దీని బ్యాండ్ యూరప్‌లో 1880–1900 మెగాహెర్ట్జ్, ఉత్తర అమెరికాలో 1920–1930 మెగాహెర్ట్జ్. ఒక దేశం కోసం చేసిన సెట్ ఇంకో దేశంలో వాడితే చట్ట విరుద్ధం కావచ్చు, కొనేముందు చూసుకోవాలి. నాలుగోది ఇయర్‌మఫ్‌లోనే (చెవిని మోత నుంచి కాపాడే కప్పు, మఫ్) వాకీటాకీ ఉన్న రకం. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి ఆకుల్లోంచి, కాండం చుట్టూ బాగా వెళ్తుంది. దీనితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే ఒక్కసారికి ఒక్కరే మాట్లాడగలరు, చాలావాటిలో అదీ బటన్ నొక్కి. రెండు చేతులూ తాడు మీద, రంపం మీద ఉన్న మనిషికి బటన్ నొక్కే చెయ్యి ఎక్కడుంటుంది? చెట్టు పైనున్నవారికీ, కోసిన దుంగను కింద నుంచి తాడుతో దించేవారికీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడగలిగే రకమే సరైనది. దూరంగా రోడ్డు మీద వాహనాలు ఆపే మనిషికి వాకీటాకీ సరిపోతుంది.

డబ్బా మీద రాసిన దూరం ఏ అడ్డూ లేని మైదానంలో కొలిచినది. బ్లూటూత్, ఎక్కువ భాగం మెష్ సెట్లు నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. వాన తడిసిన గుబురు, లావాటి పచ్చి మాను, చివరికి మన తల కూడా అడ్డే. డబ్బా మీది అంకెలో నాలుగో వంతు అందినా మీ పనికి చాలేలా ఉంటేనే కొనండి.

హెల్మెట్‌కు బిగించడం

హెల్మెట్‌కు రంధ్రం చేయకూడదు. తయారీదారు ఒప్పుకోని జిగురుగానీ, ద్రావకాలున్న స్టిక్కర్‌గానీ అంటించకూడదు. వాటి రసాయనాలు ప్లాస్టిక్‌ను లోపల్నుంచి బలహీనం చేస్తాయి, పైకేమీ కనిపించదు. మఫ్ విడిగా, హెల్మెట్ విడిగా మంచివైనంత మాత్రాన చాలదు. ఆ రెండూ కలిపి పరీక్షించిన జతేనా అని మఫ్‌తో వచ్చిన కాగితంలో చూడండి. అందులో మీ హెల్మెట్ మోడల్ పేరు ఉండాలి.

మోటార్‌సైకిల్ ఇంటర్‌కమ్ స్పీకర్లను మామూలు మఫ్‌లో పెట్టుకునేవారున్నారు. స్పీకర్‌కు చోటు కోసం లోపలి ఫోమ్ తీసేస్తే మఫ్ మోతను ఆపే శక్తి తగ్గుతుంది. వైరు కుషన్ కిందుగా బయటికి వస్తే అక్కడ సందు పడుతుంది. ఆ సందులోంచి వచ్చే మోతను దాటి వినాలని వాల్యూమ్ పెంచుతారు, అప్పుడు చెవికి రెండు వైపులా దెబ్బే. స్పీకర్ ధ్వనిని 82 డెసిబెల్స్ దగ్గర ఆపేసే ఏర్పాటు వృత్తి కోసం చేసిన హెడ్‌సెట్లలో ఉంటుంది, మోటార్‌సైకిల్ సెట్లలో సాధారణంగా ఉండదు.

కుషన్ చర్మానికి చుట్టూ ఆనాలి. కళ్లద్దాల కాడ, పొడవైన జుట్టు, లోపలి టోపీ అంచు, ఏది మధ్యలో దూరినా సందే. కళ్లద్దాలు తప్పనివారు సన్నటి, బల్లపరుపు కాడలున్నవి వాడాలి.

మైక్ విషయంలో ఎక్కువమంది తప్పుచేసేది దూరంలోనే. మోతను తగ్గించే మైక్ రెండు వైపుల నుంచీ వచ్చే శబ్దాన్ని పోల్చి, రెండు వైపులా సమానంగా ఉన్నదాన్ని కొట్టేస్తుంది. పెదవికి 3 మిల్లీమీటర్లలో ఉంటే మీ గొంతు ఒక వైపే గట్టిగా పడుతుంది కాబట్టి అదే మిగులుతుంది. 3 సెంటీమీటర్లు పోయిందంటే మీ గొంతూ రంపం మోతా దానికి ఒకటే. చాలా మైకుల మీద పెదవి వైపు ఉండాల్సిన ముఖానికి చుక్కో గీతో గుర్తుగా ఉంటుంది. అది తిరగబడితే ఎంత దగ్గర పెట్టినా లాభం లేదు. గాలి ఫోమ్ ఊడిపోయిన మైక్‌తో చెట్టెక్కొద్దు. కొమ్మకు తగిలి మైక్ కాడ వంగిపోవడం మామూలే కాబట్టి ప్రతి కొత్త చోట స్థిరపడ్డాక వేలితో ఒకసారి సరిచేసుకోవాలి. మెడ చుట్టూ తిరిగే వైరు ఉన్న ఏ సెట్ అయినా చెట్టెక్కేవారికి పనికిరాదు.

పొద్దున పని మొదలయ్యే ముందు

సెట్లన్నీ ఒకే తయారీవైతే మేలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మాత్రం అన్నిటిలోనూ ఒకటే ఉండాలి. ఒకదానిలో పాతదీ ఒకదానిలో కొత్తదీ ఉంటే జత కుదిరినట్టే కనిపించి మధ్యలో తెగుతుంటుంది. జత చేయడం, అప్‌డేట్ చేయడం ముందురోజే ముగించండి. పని చోట ఇలా సాగాలి:

1. అందరూ సెట్లు ఆన్ చేసి ఒకే గ్రూపులోకి రావాలి. బ్యాటరీ ఎంతుందో ఒక్కొక్కరూ పైకి చెప్పాలి.
2. ఫోన్లతో ఉన్న జత తెంపాలి. సరిగ్గా కోత మధ్యలో ఫోన్ మోగితే చాలా సెట్లలో ఇంటర్‌కమ్ ఆగి కాల్ ముందుకొస్తుంది. కింద ఉన్న ఒక్కరి సెట్‌కే ఫోన్ ఉంచండి, అదీ సైలెంట్‌లో. ప్రమాదం జరిగితే చేతులు ఖాళీ లేకుండానే వారు అత్యవసర సేవలకు ఫోన్ చేయగలుగుతారు. ఆ చోటు చిరునామా వారి దగ్గర ముందే రాసి ఉండాలి.
3. చిప్పర్ (కొమ్మలను ముక్కలు చేసే యంత్రం) ఆన్ చేసి, అది నడుస్తుండగా మైక్ గెయిన్ (మైక్ గొంతును ఎంత పెంచి తీసుకోవాలన్న అమరిక), వాల్యూమ్ సరిచేయాలి. నిశ్శబ్దంలో చేసిన సర్దుబాటు యంత్రం మొదలవగానే పనికిరాకుండా పోతుంది.
4. ఒకరు చెట్టుకు అవతలి వైపు, ఒకరు లారీ వెనక, ఒకరు పని హద్దు చివర నిలబడి మాట్లాడాలి. ఎక్కడ తెగుతుందో అక్కడే తెలుసుకోవాలి, ఆ చోటు నుంచి ఎవరూ తాడుకు సూచనలు ఇవ్వకూడదు.

ఇదే మాటల పరీక్ష భోజనం తర్వాత, ప్రతి విరామం తర్వాత మళ్లీ జరగాలి. దూరం వెళ్లి వచ్చిన సెట్ కలిసిందో లేదో ఎవరికి వారు అనుకుంటే సరిపోదు, జవాబు వినాలి.

మాటలు ముందే ఖాయం చేసుకోవాలి

వైర్‌లెస్‌లో మాట తెగేది రెండు చోట్ల. గొంతు విని తనంతట తెరుచుకునే మైక్ పద్ధతిలో మొదటి అక్షరం పోతుంది. సిగ్నల్ బలహీనమైతే ఎక్కడైనా, ముఖ్యంగా చివర, పోతుంది. తెలుగులో వద్దనే అర్థం క్రియ చివరే వస్తుంది కాబట్టి ఇది ప్రమాదం. "వదలకు" అన్నదాంట్లో తోక తెగితే "వదులు" అనుకునే అవకాశం ఉంది. "కొయ్యకు", "కొయ్యి" కూడా అంతే. కాబట్టి వద్దు అని చెప్పే ఏ మాటా హెడ్‌సెట్‌లో వాడకూడదు. ఆజ్ఞలు ఐదారుకు మించకూడదు, సగం వినబడినా ఒకదానికొకటి పోలిక ఉండకూడదు.

ఇలా పెట్టుకోవచ్చు. "పట్టు" అంటే తాడు బిగించి నిలపడం. "దించు" అంటే నెమ్మదిగా కిందికి. "జారనివ్వు" అంటే దుంగ కుదుపు చెట్టుకు తగలకుండా తాడును పరుగెత్తించి ఆ తర్వాత మెల్లగా ఆపడం. "ఆపు" అంటే ఎవరన్నా, ఎందుకన్నా, చేస్తున్న పని అక్కడికక్కడ నిలిపేయడం. "ఆపు" మూడుసార్లు చెప్పాలి, మొదటిది తెగినా మిగతా రెండూ చేరతాయి. ఆ మాట కొత్తగా చేరిన కుర్రాడైనా అనవచ్చు. "ఆగండి", "అన్నా ఒక్క నిమిషం" లాంటివి ఆజ్ఞలుగా లెక్కలోకి రావు. వయసులో పెద్దవారికైనా హెడ్‌సెట్‌లో "ఆపు" అనే అనాలి. పని మొదలయ్యే ముందే అందరూ దీనికి ఒప్పుకుంటే ఎవరికీ మర్యాద తక్కువైనట్టు ఉండదు.

పేర్లకు బదులు చేసే పనిని పిలవండి: పైన, తాడు, చిప్పర్. "తాడూ, పట్టు" అంటే తాడు దగ్గరి మనిషి "పట్టాను" అని చేసిన తర్వాత చెప్పాలి, చేయబోతూ కాదు. కోతకు ముందు పైనుంచి "తప్పుకోండి" అని వస్తుంది. దుంగలు పడే చోటును కళ్లతో చూసి కింద బాధ్యత ఉన్న ఒక్కరే "ఖాళీ" అనాలి. అమెరికాలో చెట్ల పని భద్రతకు ఉన్న ఆన్సి జెడ్133 ప్రమాణం కూడా ఇలా పిలుపూ జవాబూ ఉండే పద్ధతినే అడుగుతుంది. "ఖాళీ" వినబడకపోతే రంపం కొమ్మకు తాకకూడదు. నిశ్శబ్దాన్ని ఒప్పుకోలుగా తీసుకునే అలవాటు ఒక్కరికున్నా హెడ్‌సెట్లు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. కేకలు వేసే రోజుల్లో మాట వినబడలేదని అందరికీ తెలిసేది. ఇప్పుడు చెప్పినవారు చేరిందనే నమ్ముతారు.

కోత నడుస్తున్నంత సేపూ కబుర్లు ఉండకూడదు. పాటలు అసలే వద్దు. మాట్లాడే పనిలేనివారు, ముఖ్యంగా చిప్పర్‌కు కొమ్మలు అందించేవారు, మైక్ మూసి ఉంచాలి. అప్పుడు "ఆపు" అనాలంటే మైక్ తెరవాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. నిజమే. అందుకే ఒక్క తాకుడుతో తెరుచుకునే సెట్ చిప్పర్ దగ్గరి మనిషికివ్వాలి, గ్లౌజ్ వేసుకున్న చేత్తో అది పనిచేస్తుందో లేదో చూసి మరీ.

వచ్చే చిక్కులు

చెప్పిన మాటే రెండుసార్లు వినిపిస్తుంటే ఇద్దరు దగ్గర దగ్గరగా నిలబడ్డారని అర్థం. ఒకరి గొంతు రెండోవారి మైక్‌లోకీ పోతోంది, ఒకరు మైక్ మూయాలి. పైనున్నవారి గొంతు ఒక్కసారిగా డొల్లగా మారితే మైక్ పెదవి నుంచి జరిగింది, లేదా ఫోమ్ చెమటకు తడిసింది. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంటే అది పాతబడి ఉండవచ్చు, చలిలోనైతే కొత్తది కూడా త్వరగా దిగుతుంది. లిథియం బ్యాటరీని 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు, ఎండలో నిలిపిన వాహనం అద్దం దగ్గర వదలకూడదు.

చుట్టూ శబ్దాన్ని వినిపించే సౌకర్యం సెట్‌లో ఉంటే రంపం ఆగిన వెంటనే అది పనిచేయాలి. మాను లోపల చిట్లే శబ్దం, తాడు కీచుమనడం చెవికి అందాలి. అది లేని సెట్‌తో పెద్ద దుంగలు దించే పనిలో ఉన్నవారు ప్రతి కోత ఆగాక ఒక చెవి మఫ్ ఎత్తి వినాలి.

హెడ్‌సెట్ పోయిన క్షణంలో ఏం చేయాలో కూడా పొద్దునే చెప్పుకోవాలి: చేతి సైగలు, ఈల, ఎవరు ఎవరిని చూస్తూ ఉండాలి. ఎవరి సెట్ పోయినా పని నిలవాలి, సైగలకు మారామని అందరూ చెప్పుకున్నాకే తిరిగి మొదలవ్వాలి. కాపాడటానికి చెట్టెక్కాల్సిన మనిషి కోసం చార్జ్ చేసి, గ్రూపులో కలిపిన అదనపు సెట్ ఒకటి కింద సిద్ధంగా ఉండాలి.

సాయంత్రం మఫ్‌లు తెరిచి గాలికి ఆరబెట్టండి, తడిగా పెట్టెలో పెడితే మైక్ కనెక్టర్‌కు తుప్పు పడుతుంది. కుషన్లు, లోపలి ఫోమ్ 6 నెలలకోసారి మార్చాలి, గట్టిపడినా పగిలినా అంతకు ముందే.