మొగలి అత్తరు నుంచి కొలోన్ దాకా
బరంపురంలో అత్తరు కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది, గంజాం తీరంలో పూసే మొగలి నుంచే వేర్వేరు సరుకులు తయారవుతాయని. మగ పూలపొత్తులను రాగి పాత్రలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టిస్తే అత్తరు అవుతుంది. అలా మరో తైలంలో కలపకుండా పువ్వు నూనెను మాత్రమే వేరుచేస్తే అది రూహ్. మిఠాయిలలో, బిర్యానీలో వేసేది మొగలి నీరు. చందనానికి బదులు లిక్విడ్ పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) వాడిన అత్తరు కూడా అమ్ముతారు కనుక, ధర మరీ తక్కువైతే ఏ నూనెలో పట్టారో అడగాలి.

స్ప్రే సీసాల్లో ఎక్కువ భాగం ఆల్కహాలే. వాటి రకాన్ని బట్టి సుగంధ ద్రవ్యం పర్‌ఫ్యూమ్‌లో సుమారు 20–30 శాతం, ఓ ద పర్‌ఫ్యూమ్‌లో 15–20, ఓ ద త్వాలెట్‌లో 5–15, కొలోన్‌లో 2–4 ఉంటుంది.

కొనేముందు మణికట్టుపై కొద్దిగా రాసి, రుద్దకుండా, అరగంట ఆగి మళ్లీ వాసన చూడాలి. మొదట ముక్కుకు తగిలే నిమ్మజాతి వాసన త్వరగా ఎగిరిపోతుంది, చందనం, కస్తూరి వంటివి చివరిదాకా నిలుస్తాయి. మొగలి మాత్రం తొలి క్షణం నుంచే ఘాటు, అగ్గిపుల్ల కొనకు అంటినంత చాలు. ఉక్కపోత రోజుల్లో, బస్సులో పక్కన కూర్చునేవారిని తలచుకుని, నేను కొలోన్‌తోనే సరిపెట్టుకుంటాను.