అపార్ట్‌మెంట్ సమావేశంలో అభ్యంతరం చెప్పడం ఎలా?

మియాపూర్ నుంచి మణికొండ దాకా అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలు దాదాపు ఒకే తీరుగా సాగుతాయి. ఆదివారం ఉదయం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. మెయింటెనెన్సు బాకీలు, నీళ్ల ట్యాంకర్ల ఖర్చు ముగిశాక, పనివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు ఇకపై లిఫ్టు ఎక్కకూడదన్న ప్రతిపాదన వస్తుంది. అధ్యక్షులవారు ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అడిగి, ఎవరూ మాట్లాడకపోవడంతో ఏకగ్రీవమని రాయిస్తారు. అది తగదని లోలోపల అనుకున్నవారు కూడా నలుగురితో నారాయణా అని ఊరుకుంటారు. అలా ఊరుకోకూడదనుకునేవారికి ఈ సూచనలు.

ఈ మౌనాన్ని వెంటనే పిరికితనంగా లెక్కగట్టకండి. 1950ల ఆరంభంలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక గీతను చూపించి, దానితో సమానమైన గీత మరో మూడింటిలో ఏదో చెప్పమన్నాడు. గదిలో ఒక్కరు తప్ప మిగిలినవారంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పేవారు. కళ్లెదుటే సరైన జవాబు కనిపిస్తున్నా, అలాంటి సందర్భాల్లో వచ్చిన జవాబుల్లో నూటికి సుమారు 37 గుంపు చెప్పిన తప్పు వైపే మొగ్గాయి. నిజం పలికే తోడు ఒక్కరు దొరికినప్పుడు మాత్రం ఆ లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది.

అందువల్ల అసలు పని సమావేశానికి ముందే జరగాలి. ఎజెండా అందిన రోజే, మీలాగే ఆలోచిస్తారనిపించే ఒకరి ఇంటికి వెళ్లి మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో చర్చకు దిగకండి, అక్కడ మొదటి ఇద్దరు బొటనవేలు ఎత్తగానే మిగతావారు అటే నడుస్తారు. పైగా, ఆ తోడు చివరిదాకా నిలబడేవారై ఉండాలి. ఆష్ ప్రయోగంలో తోడుగా ఉన్న వ్యక్తి మధ్యలో గుంపు వైపు ఫిరాయించినప్పుడు లొంగుబాటు మళ్లీ ఒక్కసారిగా పెరిగింది. కాబట్టి ‘మీరు కూడా చెయ్యెత్తుతారు కదా?’ అని మొహమాటపడకుండా అడిగి, స్పష్టమైన మాట తీసుకోండి.

మీరు అడ్డుచెప్పే విషయం అడ్డుచెప్పదగినదేనా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఎండాకాలంలో బోర్లు ఎండినప్పుడు నీళ్లు వంతులవారీగా వదలాలని ఎక్కువమంది అంటే, వారి మాటే సబబు కావచ్చు. ప్రతిదానికీ లేచి నిలబడేవారిని (ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ అలాంటివారు ఒకరుంటారు) అవసరమైన రోజున ఎవరూ పట్టించుకోరు. లిఫ్టు విషయంలోనైతే, ఐదో అంతస్తుకు రోజూ ఎక్కి దిగే పనావిడను ముందుగా అడగండి. మీ వాదన వల్ల ఆమెకు మిగతా ఇళ్లలో పని పోయే ప్రమాదం ఉంటే, ఆమె పేరు గానీ ఆమె మాటలు గానీ సభలో ఎత్తకండి.

సమావేశంలో అందరూ చెప్పాక చెబుదామని ఆగితే, ఆ సమయానికి మీకే మీ అభిప్రాయం మీద అనుమానం పుడుతుంది. ప్రతిపాదన చదివిన వెంటనే లేచి, ‘అధ్యక్షులుగారూ, దీనికి నేను ఒప్పుకోవడం లేదండీ. లిఫ్టు పాడవుతోందన్నది కారణమైతే బరువుకు పరిమితి పెడదాం. నా అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించండి’ అని మూడు ముక్కల్లో ముగించండి. ఎవరినీ మనసు లేనివారని నిందించకండి, నిందపడినవారు తమ పరువు కోసమైనా ప్రతిపాదనకు అతుక్కుపోతారు. వయసులో పెద్దవారు ‘ఇన్నేళ్లుగా లేని గొడవ ఇప్పుడెందుకమ్మా’ అంటే, ఆ మాటకు జవాబివ్వకుండా ప్రతిపాదనకు కారణమేమిటని మళ్లీ మర్యాదగా అడగండి. వీలైతే చేతులెత్తడానికి బదులు చీటీల మీద ఓటు కోరండి. జవాబును పైకి చెప్పకుండా రాసి ఇవ్వమన్నప్పుడు ఆష్ ప్రయోగంలోనూ గుంపు ప్రభావం బాగా తగ్గింది.

తర్వాత కొన్నాళ్లు పలకరింపులు తగ్గవచ్చు, పేరంటానికి పిలుపు రాకపోవచ్చు. దానికి సిద్ధపడే మాట్లాడాలి. ప్రతిపాదన నెగ్గితే మినిట్స్ ప్రతి తీసుకుని, మీ అభ్యంతరం నమోదైందో లేదో చూసుకోండి. సమావేశం ముగిశాక మెట్ల దగ్గర ‘మీరు చెప్పింది నిజమేనండీ’ అని గుసగుసగా అన్నవారి ఫ్లాటు నంబర్లు గుర్తుంచుకుని, వచ్చే సర్వసభ్య సమావేశంలో పునఃపరిశీలన కోరుతూ రాసే వినతిపత్రం మీద ముందుగా వారి సంతకాలే అడగండి.