తోలు బ్యాగు మీద తెల్లటి పొర: అది బూజేనా?

వానాకాలం ముందు బీరువాలో పెట్టి మరచిపోయిన తోలు బ్యాగును విజయవాడలో దసరాకు బయటికి తీస్తే, చాలాసార్లు దాని మీద తెల్లటి పొర కనిపిస్తుంది. చూడగానే బూజు అనుకుంటాం. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త దూరం నుంచి గోరువెచ్చని గాలి పట్టించండి. పొర కరిగి మాయమైతే అది తోలులోంచి పైకి తేలిన కొవ్వు. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పొర కరగలేదు, ముక్కిపోయిన వాసన వస్తోంది

ఇది బూజే. తేమ ఒక కారణం, గాలి ఆడకపోవడం మరొకటి. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచామంటే బూజుకు మనమే ఇల్లు కట్టించినట్టు. వస్తువును మేడ మీదికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులపండి. గదిలో దులిపితే పక్కనున్న చెప్పులకూ అంటుకుంటుంది. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో అంతే నీరు కలిపి, గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడవండి. ముందు కనబడని మూల చూసుకోవాలి. గుడ్డకు రంగు దిగితే ఆపేయండి. ఎండలో కాదు, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. మళ్లీ దాచేటప్పుడు పాత నూలు దిండు గలీబు చాలు.

బెల్టు, చెప్పుల మీద తెల్లటి గీతలు

చెమటలోని ఉప్పు. వెనిగర్‌కు రెట్టింపు నీరు కలిపి తుడవండి.

బిరుసెక్కి పగుళ్లు

ఎండకు తోలులోని నూనె ఆరిపోతుంది. బట్టల సబ్బు ఇంకా చేటు: తోలుది కాస్త ఆమ్ల స్వభావం, సబ్బుది క్షారం. లెదర్ కండిషనర్‌ను పలుచగా రాసి, అరగంట ఆగి, మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. నేను ఒక మంచి బెల్టుకు రాసి మచ్చలమయం చేసుకున్నాను. లోతుగా పడ్డ పగులు ఏం రాసినా పూడదు. స్వెడ్ లాంటి నూగు తోలుకు కండిషనరూ వద్దు, బ్రష్ చాలు.

నీట మునిగిన బూట్లు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక చాలామంది బూట్లను ఎండలో పడేశారు. అలా చేస్తే చెక్కలా బిగుసుకుంటాయి. బురద కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మార్చండి. నీడలో ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే కండిషనర్ రాయండి.

పైపొర పెచ్చులుగా ఊడుతోంది

అది చాలావరకు రెక్సిన్. గుడ్డకు అతికించిన ప్లాస్టిక్ పొరలోకి ఏ కండిషనరూ ఇంకదు. కొత్తది కొనడానికి బీసెంట్ రోడ్డుకు వెళ్లడమే. ఈసారి కోసిన అంచు చూడండి: తోలైతే పీచు, రెక్సిన్ అయితే గుడ్డ అల్లిక కనిపిస్తుంది.